నల్లమల దాటి, కుందూ వెంట: రాయలసీమ ప్యాసింజరు బండ్లలో

మొదటి రోజు: గుంటూరు నుంచి నంద్యాల

గుంటూరు నుంచి గుంతకల్లు దాకా రైలుదారి పొడవు 401 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారికి ఆ దూరమంతా ఒక రాత్రి నిద్రలో గడిచిపోతుంది గనుక, ఈ దారిన ఏళ్ళ తరబడి తిరిగినవారికి కూడా మధ్యలోని స్టేషన్లు పసుపు బోర్డుల మీద పేర్లుగా తప్ప తెలియవు. ఆ స్టేషన్లను చూడడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. పగటి బండ్లలో, అవీ వీలైనంతవరకు ప్రతి స్టేషన్‌లోనూ ఆగే ప్యాసింజర్లలోనే, గుంటూరులో బయలుదేరి నంద్యాల, కడప, తిరుపతి, ధర్మవరం మీదుగా గుంతకల్లు చేరాలని, రాత్రిళ్ళు ఏ ఊళ్ళో చీకటి పడితే ఆ ఊళ్ళోనే ఉండాలని అనుకున్నాను. డిసెంబరు నెల కావడంతో ఎండ బాధ లేదు.

ప్యాసింజరు బండి గురించి ఒక మాట ముందే చెప్పాలి. 2020లో కోవిడ్ కారణంగా ఆగిపోయిన ఈ బండ్లు తిరిగి వచ్చినప్పుడు సున్నాతో మొదలయ్యే నంబర్లతో, ప్రత్యేక బండ్ల పేరుతో వచ్చాయి. పది రూపాయల కనీస ఛార్జీ కాస్తా ముప్పై రూపాయలైంది. ఆగే స్టేషన్లు అవే, వేగమూ అంతే, టిక్కెట్టు మాత్రం ఎక్స్‌ప్రెస్‌ది. 2024 ఫిబ్రవరిలో పాత ఛార్జీలు తిరిగి అమలులోకి వచ్చాయి. 2025 జనవరి 1 నుంచి నంబర్లలోని సున్నా కూడా పోయింది. ఇప్పుడు నంబరు 5తో మొదలైతే ఇంజను లాగే మామూలు ప్యాసింజరు, 6తో మొదలైతే విద్యుత్తుతో నడిచే మెము, 7తో మొదలైతే డీజిల్‌తో నడిచే డెము అని గుర్తుపట్టవచ్చు. కూలిపనికో కాలేజీకో రోజూ పోయి వచ్చేవారికి పదికీ ముప్పైకీ ఉన్న తేడా నెల తిరిగేసరికి ఎంతవుతుందో లెక్క వేసుకుంటే, ఆ నాలుగేళ్ళలో ఎందరు బస్సులకూ ఆటోలకూ మళ్ళి ఉంటారో ఊహించడం కష్టం కాదు. వారిలో కొందరు తిరిగి రానేలేదని నరసరావుపేటలో ఎక్కిన ఒక చీరల వ్యాపారి అన్నాడు. తాను మాత్రం మూటలు వేసుకుని బస్సు మెట్లెక్కలేక రైలుకు వచ్చానన్నాడు.

ఈ దారి కరవులోంచి పుట్టింది. 1876–78 నాటి మహాకరవులో రాయలసీమ జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మద్రాసు–బొంబాయి దారి 1871 నాటికే పూర్తయి కడప, గుత్తి మీదుగా పోతున్నా, అక్కడ దించిన ధాన్యం లోపలి ఊళ్ళకు చేరాలంటే ఎడ్లబండ్లే ఆధారం. మేతా నీళ్ళూ లేక ఆ ఎడ్లే చచ్చిపోతుంటే బండ్లు కదిలేదెలా? ఆ తరువాత వచ్చిన కరవు కమిషన్ ఇటువంటి ప్రాంతాలకు రక్షణ రైలుమార్గాలు కావాలని చెప్పింది. బళ్ళారినీ కృష్ణా తీరాన్నీ కలుపుతూ మీటర్‌గేజ్‌లో, అంటే పట్టాల మధ్య ఒక మీటరు ఎడంతో వేసిన బళ్ళారి–కృష్ణా స్టేట్ రైల్వే ఆ కోవలోనిదే. సదరన్ మరాఠా రైల్వే దాన్ని నడిపింది. డెల్టా ధాన్యాన్ని మెట్టకు చేర్చడం దాని పని. 1990లలో అంతకన్నా వెడల్పైన బ్రాడ్‌గేజ్‌గా మారింది, తరువాత విద్యుత్ తీగలు వచ్చాయి, ఇప్పుడు రెండో లైను పని సాగుతోంది. రెండో లైను లేని చోట్ల జరిగేది మాత్రం పాత పద్ధతే. ఎదురుగా బండి వస్తుంటే మన ప్యాసింజరును స్టేషన్‌లో పక్కనుండే లూప్ లైనులో పెడతారు. ఎక్స్‌ప్రెస్సో గూడ్సో దాటిపోయాక సిగ్నల్ ఇస్తారు. ప్యాసింజరు ఆలస్యం చాలావరకు ఈ క్రాసింగుల్లో పుట్టేదే తప్ప, బండి నెమ్మదిగా నడవడం వల్ల వచ్చేది కాదు.

వినుకొండ దాటాక నల్లనేల తగ్గి రాతినేల మొదలవుతుంది. దొనకొండలో బ్రిటిష్‌వారు రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేసిన విమాన మైదానం ఉన్న సంగతి చాలామందికి తెలిసిందే గాని, స్టేషన్‌లో దిగేది మాత్రం చుట్టుపక్కల పల్లెలవారే. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో పెట్టె సగం ఖాళీ అయింది. శ్రీశైలం వెళ్ళేవారు ఇక్కడ దిగి బస్సు పట్టుకుంటారు. ఒకప్పుడు రాష్ట్రంలో ఏ బడిపిల్ల చేతిలో చూసినా మార్కాపురం పలకే ఉండేది. ఆ పలకల పెట్టెలకు ఈ రైలే పెద్ద ఆసరా.

కంభం దగ్గర గుండ్లకమ్మకు అడ్డుగా, కొండల నడుమ కట్టిన చెరువు ఉంది. శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ దాన్ని కట్టించిందని చెబుతారు. బండి ఆగిన కొద్దిసేపట్లోనే గంపలతో సీతాఫలాలు ఎక్కాయి. అమ్మే ఆమెను ధర అడిగితే, "గిద్దలూరు దాటినాక సగానికే ఇస్తా గానీ అప్పటికి మిగలవు నాయనా" అంది, నవ్వకుండా. గిద్దలూరులో ఆమె ఖాళీ గంపతో దిగిపోయింది.

గిద్దలూరు తరువాత దిగువమెట్ట నుంచి గాజులపల్లె దాకా నల్లమల. ఈ దారి మొత్తంలో చూడవలసినది ఇదే. రైలు వంపులు తిరుగుతూ, కొండను కోసి వేసిన దారిలోంచి, సొరంగంలోంచి, వెదురు పొదల పక్కనుంచి సాగుతుంది. ఊళ్ళు కనబడవు, రోడ్డు అప్పుడప్పుడు మాత్రమే కనబడుతుంది. మీటర్‌గేజ్ కాలంలో చెలమ, బొగద మధ్య లోయ మీద దొరబావి వంతెన అనే ఎత్తైన వయాడక్టు ఉండేది. దాన్ని 1880లలో కట్టారు. బ్రాడ్‌గేజ్ వేసినప్పుడు దారిని మార్చడంతో ఆ వంతెన పనిలేనిదై మిగిలింది. కిటికీ పక్కన కూర్చున్న నంద్యాల పెద్దాయన ఒకాయన చిన్నప్పుడు ఆ వంతెన మీద బండి పోతుంటే తల్లి కళ్ళు మూసుకోమనేదని, తాను మూసుకోలేదని చెప్పాడు. కొత్త దారి భద్రమైనదే, వేగమైనదే. అయినా ఆ వంతెనను చూడడానికైనా ఒక ఏర్పాటు ఉండి ఉంటే బాగుండేదని నాకనిపించింది. మన దగ్గర పాత కోటలకు దక్కే గౌరవంలో పదో వంతు కూడా పాత రైలు కట్టడాలకు దక్కదు.

గాజులపల్లె నుంచి నేల చదునవుతుంది. మహానంది వెళ్ళే భక్తులు కొందరు ఇక్కడే దిగారు. నంద్యాల చేరేసరికి ప్లాట్‌ఫారం మీద దీపాలు వెలిగాయి.

రెండవ రోజు: నంద్యాల నుంచి కడప

నంద్యాల–ఎర్రగుంట్ల దారి 1996–97 బడ్జెట్లో మంజూరై, ఇరవై ఏళ్ళు సాగి, 2016 ఆగస్టులో ప్రయాణికులకు తెరుచుకుంది. పొడవు 120 కిలోమీటర్లకు కొంచెం పైన. గుంటూరు దారికీ, మద్రాసు–బొంబాయి దారికీ మధ్యన ఉండి, ఈ రెంటినీ దక్షిణోత్తరంగా కలిపే అడ్డదారి ఇది. అంతవరకు నంద్యాల నుంచి కడపకు రైల్లో పోవాలంటే డోన్, గుత్తి మీదుగా పెద్ద చుట్టు తిరగాలి. ఆ పని ఎవరూ చేసేవారు కాదు, బస్సెక్కేవారు.

ఈ దారిలో నేనెక్కినది డెము. రెండు కొసల్లోనూ డ్రైవరు గది ఉంటుంది గనుక చివరి స్టేషన్‌లో ఇంజను విప్పి అటువైపు తగిలించే పని లేదు. చిన్న స్టేషన్లకు ఇది పెద్ద సౌకర్యం. తలుపులు వెడల్పుగా ఉండడంతో మేకపిల్లను చంకన పెట్టుకున్నామె కూడా ఎవరినీ తోయకుండానే ఎక్కగలిగింది.

కుందూ నది లోయ వెంట బండి దక్షిణంగా సాగుతుంది. బనగానపల్లె పేరు వింటే అందరికీ మామిడి గుర్తుకొస్తుంది. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డిసెంబరులో మామిడి ఎక్కడిది? కిటికీలోంచి కనబడినంత మేరా నల్లరేగడిలో మోకాలెత్తు కూడా లేని శనగ చేలు. కోవెలకుంట్ల స్టేషన్ ఊరి మాటున ఉంటుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరిలో ఉరితీసినది ఈ కోవెలకుంట్లలోనే. సంజామల, నొస్సం స్టేషన్లలో దిగినవారు పట్టాలు దాటి, చేల గట్ల మీదుగా నడిచి వెళ్ళడం చూశాను. స్టేషన్ ముందు ఆటోలు లేవు. ఆ ఊళ్ళకు రైలు వచ్చింది గాని, రైలు దగ్గరికి రోడ్డు ఇంకా సరిగా రాలేదు.

కొత్త దారుల లోపం ఇక్కడే ఉంది. పాత స్టేషన్ల చుట్టూ ఊళ్ళు పెరిగాయి. కొత్త దారిని మాత్రం భూసేకరణ తేలికగా జరిగే చోట్ల ఊరి అంచునో, ఊరికి దూరంగానో వేస్తారు. స్టేషన్ భవనం చక్కగా ఉంటుంది, ప్లాట్‌ఫారం ఎత్తుగా ఉంటుంది, పేరు మూడు భాషల్లో ఉంటుంది; పొద్దున ఒక బండీ సాయంత్రం ఒక బండీ వచ్చే చోట ఆటోవాడు మాత్రం నిలబడడు. ఆటో లేదని ప్రయాణికుడు రాడు, ప్రయాణికుడు లేడని బండి పెరగదు. రోజుకు ఇంకో రెండు బండ్లు నడిపితే ఈ చిక్కు వీడుతుందని నా అభిప్రాయం. జమ్మలమడుగులో ఎక్కిన డిగ్రీ విద్యార్థుల మాట కూడా ఇదే. "పొద్దున బండి బాగుంటాది సార్, మాపటికి వచ్చేదానికే తిప్పలు. కాలేజీ ఇడిసిన టయానికి బండి యాడుంటాది?" అన్నాడు వారిలో ఒకడు.

జమ్మలమడుగు గండికోటకు దగ్గరి స్టేషన్. ప్రొద్దుటూరు సంగతి వేరు. బంగారం, బట్టల వ్యాపారంలో రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరికి 2016 దాకా రైలే లేదంటే బయటివారు నమ్మరు. అంతకుముందు ఆ వ్యాపారులందరికీ ఎర్రగుంట్లే స్టేషన్. ఇప్పుడు ప్రొద్దుటూరులో బండి బాగానే నిండుతుంది, అయితే పెద్ద సరుకు లారీల్లోనే పోతుంది.

ప్రొద్దుటూరు దాటగానే పెన్న. నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. వంతెన దాటి కొంతదూరం పోగానే ఎర్రగుంట్ల, అక్కడ నుంచి తెల్లటి దుమ్ము. సిమెంటు కర్మాగారాలు, నాపరాతి గనులు, చెక్కిన బండల దొంతరలు, ముద్దనూరు వైపు విద్యుత్ కేంద్రానికి పోయే బొగ్గు వ్యాగన్లు. ఇక్కడ గూడ్సే దొర. మన డెము కదలకుండా నిలబడి ఉండగా ఒక పొడవాటి బొగ్గు బండి నింపాదిగా దాటిపోయింది. పక్క సీటు పిల్లవాడు వ్యాగన్లను లెక్కపెడుతూ మధ్యలో తప్పి మళ్ళీ మొదటికి వచ్చాడు. కమలాపురం దగ్గర పాపఘ్ని దాటి కడప చేరాం.

మూడవ రోజు: కడప నుంచి తిరుపతి

ఇది పాత మద్రాసు రైల్వే దారి. జంట లైను, విద్యుత్ ఇంజన్లు, ముంబయి–చెన్నై మధ్య తిరిగే బండ్ల రద్దీ. అందువల్ల ప్యాసింజరుకు ఇక్కడ స్థానం మరీ తక్కువ. అయినా నిన్నటికన్నా బండి కిక్కిరిసి ఉంది, ఎందుకంటే తిరుపతి కొండ మొక్కులన్నీ ఈ బండిలోనే పోతాయి.

ఒంటిమిట్టలో కోదండరామాలయం గోపురం స్టేషన్ వైపు నుంచి చూస్తే చెట్ల పైన కనబడుతుంది. రాష్ట్ర విభజన తరువాత ప్రభుత్వం అధికారికంగా శ్రీరామనవమి ఉత్సవాలు జరిపేది ఇక్కడే. కల్యాణం పగలు కాకుండా పున్నమి రాత్రి జరగడం ఈ గుడి ఆచారం. ఆ రోజు తప్ప మిగతా రోజుల్లో స్టేషన్ నిశ్శబ్దంగానే ఉంటుంది.

నందలూరులో నేను దిగి, తరువాతి బండి దాకా ఉండిపోయాను. ఆవిరి ఇంజన్ల కాలంలో నందలూరు లోకోషెడ్ ఈ దారికి ప్రాణం. బొగ్గు నింపుకోవడం, నీళ్ళు పట్టుకోవడం, ఇంజను మార్చడం ఇక్కడే. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు అందరికీ రైల్వే క్వార్టర్లు. డీజిల్ ఇంజన్లు రావడంతో పని గుత్తి వైపు, గుంతకల్లు వైపు తరలిపోయింది, షెడ్ మూతపడింది. విశాలమైన రైల్వే స్థలంలో తుమ్మచెట్లు మొలిచాయి. అక్కడ మేకలు మేపుతున్న ఒక పెద్దాయనతో మాట కలిపితే, ఆయన తండ్రి షెడ్‌లో పనిచేశాడని తెలిసింది. "మా నాయన డ్యూటీ దిగి ఇంటికొస్తే కండ్లు మాత్రమే తెల్లగ కనపడేవి సార్. ఆ సైరన్ కూతకే ఊరంతా పొయ్యి అంటిచ్చేది" అన్నాడు. సైరన్ ఏ ఏడాది ఆగిపోయిందని నేనడిగితే, "అది ఆగినాక ఇంగ ఏడాది ఎవరికి గుర్తు?" అని మేకల వెంట నడిచాడు.

నందలూరు పక్కనే చెయ్యేరు. 2021 నవంబరు 19న ఎగువన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, వరద ఊళ్ళ మీద పడింది. పులపత్తూరు, మందపల్లి వంటి గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. నందలూరు, రాజంపేట మధ్య రైలుకట్ట కోసుకుపోయి, కింద మట్టి లేకుండా పట్టాలూ స్లీపర్లూ గాలిలో వేలాడిన బొమ్మలు పత్రికల్లో వచ్చాయి. ముంబయి–చెన్నై బండ్లను రద్దు చేయడమో దారి మళ్ళించడమో జరిగింది. ఈ దారికి వాగుల గండం కొత్తది కాదు. ఎర్రగుంట్లకు పడమరగా ఉన్న మంగపట్నం దగ్గర 1902 సెప్టెంబరులో వాగు పొంగి వంతెన దెబ్బతిని, మెయిలు బండి అందులో పడిపోయి చాలామంది చనిపోయారు. ఏడాదిలో పదినెలలు ఇసుక మాత్రమే కనబడే ఏర్లు ఇవి. ఆ ఇసుకను చూసి వీటి బలాన్ని అంచనా వేయకూడదు.

రాజంపేట తరువాత ఓబులవారిపల్లె జంక్షన్. ఇక్కడ నుంచి వెలిగొండల్లో ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగం గుండా వెంకటాచలం వైపు కొత్త లైను 2019లో మొదలైంది. కృష్ణపట్నం రేవుకు సరుకు దగ్గరి దారిలో చేరడం దాని ముఖ్యోద్దేశం. మంగంపేట ముగ్గురాయి గనులు కూడా ఇక్కడికి దగ్గరే. కోడూరులో అరటి గెలలు, బొప్పాయి బుట్టలు. బాలపల్లె, మామండూరు స్టేషన్ల మధ్య శేషాచలం అడవి దారికి ఆనుకుని వస్తుంది. ఎర్రచందనం చెట్లున్న అడవి గనుక స్టేషన్లలో హెచ్చరిక బోర్డులు కనబడతాయి. రేణిగుంట నుంచి తిరుపతి కొద్ది నిమిషాలు. ప్లాట్‌ఫారం మీద వచ్చేవారి తలల మీద జుట్టు, పోయేవారి తలల మీద గంధం.

నాలుగవ రోజు: తిరుపతి నుంచి ధర్మవరం

చంద్రగిరి, పాకాల, పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి, ముదిగుబ్బ, ధర్మవరం. ఈ పేర్ల వరుసను పెద్దలు ఎక్కాల్లా ఒప్పజెప్పగలరు, ఎందుకంటే మీటర్‌గేజ్ బండి ఒక్కొక్క ఊళ్ళో ఆగేంతసేపు ఆగేది. 1890లలో దక్షిణ భారత రైల్వే విల్లుపురం నుంచి కాట్పాడి, పాకాల మీదుగా ధర్మవరం దాకా వేసిన దారిలోని ముక్క ఇది. పాకాల–ధర్మవరం భాగం బ్రాడ్‌గేజ్‌గా మారి 2010 ప్రాంతంలో తిరిగి తెరుచుకుంది. గేజ్ మార్పు కోసం లైను మూసిన కాలంలో ఈ ఊళ్ళవారు బస్సులకు అలవాటుపడ్డారు. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పాకాల తరువాత దామలచెరువు, మామిడి మండీల ఊరు. అక్కడ నుంచి దారి ఎక్కుతూ పోతుంది. గుండ్రటి బండరాళ్ళ కొండలు, చింతచెట్లు, ఎండిన చెరువులు. మదనపల్లె రోడ్డు స్టేషన్ మదనపల్లెలో లేదు. ఊరికి దూరంగా చిన్నతిప్పసముద్రం దగ్గర ఉంది. స్థానికులు సీటీఎం అంటారు. బయటినుంచి వచ్చి హార్స్‌లీ కొండకో రిషివ్యాలీకో పోయేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే రాత్రి బండి దిగితే ఊళ్ళోకి చేరడానికి బస్సు దొరకదు. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె నుంచి టమోటాలు పోయేది లారీల్లోనే. తెల్లవారకముందే తూకం, మధ్యాహ్నానికి చెన్నై. ఈ వేగం రైలుకు లేదు.

కొన్ని చిన్న స్టేషన్లలో రైల్వే ఉద్యోగి ఉండడు. హాల్ట్ ఏజెంటు అని, కమిషన్ మీద టిక్కెట్లు అమ్మే స్థానికుడు ఉంటాడు. అటువంటి ఒక హాల్ట్‌లో బండి నిలబడినప్పుడు, ఏజెంటు గది బయటకు వచ్చి, పరుగెత్తుకొస్తున్న ముసలమ్మను చూపిస్తూ గార్డుకు చేయెత్తాడు. గార్డు పచ్చజెండా దించి ఆగాడు. "నిదానంగా రా అవ్వా, బండి యాడికీ పోదు" అని ఏజెంటు అరిచాడు. ఆమె ఎక్కింది, ఏజెంటు టిక్కెట్టు కిటికీలోంచి అందించాడు, ఆమె డబ్బులు రేపిస్తానంది.

కదిరి వేరుశనగకు పెట్టింది పేరు. అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం విడుదల చేసిన కదిరి–6, కదిరి లేపాక్షి వంటి రకాలు సీమ మెట్టపొలాల్లో విరివిగా పండుతాయి. ప్లాట్‌ఫారం మీద ఉడికించిన కాయలు పొట్లం కొనుక్కుని లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురాన్ని వెతికాను గాని స్టేషన్ నుంచి కనబడలేదు. ఇంకో సంగతి: టైంటేబుల్లో కదిరిదేవరపల్లి అనే పేరు కనబడుతుంది, అది రాయదుర్గం అవతల ఉన్న మరో ఊరు. బండి ముఖాన ఆ పేరు చూసి కదిరి బండే అనుకుని ఎక్కకూడదు.

ఐదవ రోజు: ధర్మవరం నుంచి గుంతకల్లు

ధర్మవరం పట్టుచీరల ఊరుగా తెలిసినంతగా జంక్షన్‌గా తెలియదు. బెంగళూరు, తిరుపతి, గుంతకల్లు దారులు కలిసేది ఇక్కడే. పెనుకొండ వైపు పోయే మరో దారిలో శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్ 2000 నవంబరులో మొదలైంది. పొద్దున బండిలో మగ్గాల వారు చాలామంది కనబడ్డారు. చీరలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, పైన రాక్ మీద పెట్టరు.

అనంతపురం స్టేషన్ నుంచి 2020 సెప్టెంబరు 9న దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు ఢిల్లీకి బయలుదేరింది, పండ్లతో. కరవుదారి వేసిన నేల నుంచి ఇప్పుడు చీనీకాయలు ఉత్తరాదికి పోతున్నాయి. అనంతపురం తరువాత కల్లూరు దగ్గర దారి చీలుతుంది: ఒకటి గుత్తికి, ఒకటి ఖాదర్‌పేట మీదుగా గుంతకల్లుకు. మన బండి రెండోదాన్ని పట్టింది.

గుంతకల్లు పూర్తిగా రైల్వే ఊరు. 1956లో డివిజన్ కేంద్రమైంది. 1977 అక్టోబరు 2న ఈ డివిజన్ దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేలోకి మారింది. చెన్నై, ముంబయి, బెంగళూరు, హుబ్బళ్ళి, గుంటూరు దారులన్నీ ఇక్కడ కలుస్తాయి. స్టేషన్ బయట పొద్దున పది దాకా ఉగ్గాని బజ్జీ దొరుకుతుంది, ఆ తరువాత అడగడం దండగ. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి గుడికి, మస్తానువలి దర్గాకు పోయేవారితో ఆటోలు నిండుతాయి. ఇక్కడ ఆటోకు కొరత లేదు.

ఇంత పెద్ద జంక్షన్‌లో ప్యాసింజరు ప్రయాణికుడికి ఉన్న ఇబ్బంది ఒక్కటే. ఒక దారిలో వచ్చే బండికీ, ఇంకో దారిలో పోయే బండికీ వేళలు పొసగవు. ఎక్స్‌ప్రెస్‌ల వేళలను దూరపు నగరాలను బట్టి నిర్ణయిస్తారు, గూడ్సుకు ఎప్పుడు దారి దొరికితే అప్పుడే కదలిక, మిగిలిన సందుల్లో ప్యాసింజరును ఇరికిస్తారు. కొత్త బండి అడగడం కన్నా ఉన్న బండిని అరగంట అటో ఇటో జరపమని అడగడం తేలిక. జమ్మలమడుగు విద్యార్థులు అడిగిందీ అదే. వేళ సరిపోయిన చోట, అంటే కదిరి నుంచి ధర్మవరం, కోడూరు నుంచి తిరుపతి వంటి చోట్ల, పెట్టెలు నిండుగా ఉండడం కళ్ళారా చూశాను.

గుంటూరు–గుంతకల్లు దారిలో డోన్, బేతంచెర్ల, పాణ్యం ముక్క ఒకటి నాకు మిగిలిపోయింది, నంద్యాలలో దక్షిణానికి తిరిగాను గనుక. బేతంచెర్ల నాపరాతి పాలిష్ పరిశ్రమకు కేంద్రం. ఆ ఊరికి దగ్గర్లోనే బిల్లసర్గం గుహలున్నాయి. పగటిపూట గుంతకల్లు నుంచి నంద్యాల వైపు ఆగి ఆగి పోయే బండి ఏదని విచారణ కౌంటరులో అడిగి, వేళ రాసుకుని, మరునాటికి టిక్కెట్టు అక్కడే తీసుకోవచ్చునని తెలుసుకున్నాను.